ఉత్తరపు ఒడ్డున ఫోర్ట్ బెంటన్

అమెరికాలోని మాంటానా రాష్ట్రంలో, మిస్సోరీ నది ఉత్తరపు ఒడ్డున ఫోర్ట్ బెంటన్ అనే చిన్న ఊరు ఉంది. ఇప్పుడు అక్కడ 1,500 మంది కూడా నివసించరు. నేను వెళ్లింది వేసవి చివర. నీరు బాగా తగ్గి, నది మధ్యలో ఇసుక మేటలు బయటపడి ఉన్నాయి. ఒకప్పుడు ఈ ఒడ్డున ఆవిరి పడవలు వరుసగా కట్టి ఉండేవని చెబితే, ఆ నీటిని చూసినవాళ్లు వెంటనే నమ్మరు. ఒడ్డుకు దగ్గరలోనే పాత కోట బురుజు ఒకటి మిగిలి ఉంది. అది పచ్చి ఇటుకలతో కట్టినది. మందమైన గోడలకు తుపాకులు పెట్టుకోవడానికి విడిచిన కంతలు ఉన్నాయి. మాంటానాలో మిగిలిన అతి పాత కట్టడం ఇదేనని అక్కడివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు.

ఈ ఊరి చరిత్రను సాధారణంగా బంగారంతోనూ ఆవిరి పడవలతోనూ మొదలుపెడతారు. నాకు అది సరైన మొదలుగా అనిపించదు. వర్తక స్థావరంగా ఉన్నప్పుడు ఫోర్ట్ బెంటన్ పూర్తిగా ఆ ప్రాంతపు ఆదివాసులైన బ్లాక్‌ఫుట్ ప్రజల మీద ఆధారపడింది. ఎక్కడ కట్టాలో, ఏం అమ్మాలో, తలుపులు ఎప్పుడు తెరవాలో వాళ్ల ఇష్టాన్ని బట్టే జరిగింది. ఊరుగా మారిన తర్వాత ఆ అవసరం తీరిపోయింది. స్థావరం ఊరుగా ఎదిగిందని ఒక్క మాటలో అనేస్తాం గాని, ఆ ఎదుగుదలలో పాత ఖాతాదారులు ఏమయ్యారన్నదే ఈ కథలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా పట్టుకున్న విషయం.

బ్లాక్‌ఫుట్ అనే పేరు కింద ప్రధానంగా మూడు తెగలున్నాయి: పీగన్, కైనా, సిక్సికా. పందొమ్మిదో శతాబ్దం తొలి దశాబ్దాల్లో వాళ్లు అమెరికన్లను తమ నేల మీదికి రానివ్వలేదు. దానికి స్పష్టమైన కారణం ఉంది. ఉత్తరాన బ్రిటిష్ వారి హడ్సన్స్ బే కంపెనీ వాళ్ల దగ్గర తోళ్లు కొనేది. అమెరికన్లు మాత్రం తామే వచ్చి, వాళ్ల వాగుల్లో ఉచ్చులు వేసి, బొచ్చు కోసం బీవర్లనే నీటి జంతువులను పట్టుకుపోయేవారు. కొనడానికి వచ్చినవాడు అతిథి, అడగకుండా పట్టుకుపోయేవాడు దొంగ. ఆ తేడాను బ్లాక్‌ఫుట్ ప్రజలు చాలా కచ్చితంగా పాటించారు. 1806లో అమెరికన్ అన్వేషకుడు మెరివెదర్ లూయిస్ బృందానికీ కొందరు పీగన్ యువకులకూ మధ్య జరిగిన ఘర్షణలో పీగన్ల ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత పాతికేళ్ల పాటు ఆ ప్రాంతంలో ఉచ్చులు వేయబోయిన అమెరికన్లలో ప్రాణాలతో తిరిగిరానివారు ఎందరో ఉన్నారు.

ఆ పరిస్థితిని మార్చినవాడు జేకబ్ బర్జర్. అతను ఒకప్పుడు హడ్సన్స్ బే కంపెనీలో పనిచేసి బ్లాక్‌ఫుట్ భాష నేర్చుకున్నాడు. తోళ్ల వ్యాపారం చేసే అమెరికన్ ఫర్ కంపెనీ తరఫున 1830-31 చలికాలంలో అతను పీగన్ల దగ్గరికి వెళ్లి, కొందరిని మిస్సోరీ మీదున్న ఫోర్ట్ యూనియన్‌కు తీసుకొచ్చాడు. వాళ్లు అడిగింది ఒక్కటే: మా ప్రాంతంలో అంగడి పెట్టండి, కాని ఉచ్చులు వేయకండి. 1831లో జేమ్స్ కిప్ మరియాస్ నది మిస్సోరీలో కలిసే చోట ఫోర్ట్ పీగన్ కట్టాడు. అది ఒక్క చలికాలమే నిలిచింది. మరుసటి ఏడాది దానికి కొద్ది దూరంలో ఫోర్ట్ మెకెంజీ లేచింది. ఫోర్ట్ బెంటన్‌కు అసలైన పూర్వరూపం అదే.

అమెరికన్ కంపెనీకి నది ఇచ్చిన బలాన్ని కూడా ఇక్కడే చెప్పుకోవాలి. బీవర్ తోలు చిన్నది, తేలికైనది, ఖరీదైనది. దాన్ని మూటలుగా కట్టి కెనూలనే తేలికపాటి పడవల్లో వేల కిలోమీటర్లు మోసుకుపోయినా లాభమే. 1830ల తర్వాత టోపీల తయారీలో బీవర్ బొచ్చు స్థానాన్ని పట్టు ఆక్రమించడంతో గిరాకీ పడిపోయి, దాని స్థానంలోకి బైసన్ అనే అడవిదున్న బొచ్చుతోలు వచ్చింది. తూర్పు నగరాల్లో మంచు మీద జారే స్లెడ్జి బండి ఎక్కేవాళ్లు ఒళ్లో కప్పుకోవడానికి అవి కావాలి. అయితే బైసన్ తోలు బాగా బరువు. దారిలో మాటిమాటికీ భుజాలకెత్తుకోవలసిన ఉత్తరాది కెనూ మార్గంలో దాన్ని మోయడం గిట్టుబాటు కాదు. మిస్సోరీలో మాత్రం చదునైన పడవలో వందలకొద్దీ పేర్చి వసంతకాలపు నీటితో సెయింట్ లూయిస్ దాకా దించేయవచ్చు. బ్లాక్‌ఫుట్ ప్రజలు దక్షిణం వైపు తిరగడానికి ఈ బరువు లెక్కే పెద్ద కారణం.

ఆ తోలు వెనక ఉన్న శ్రమ ఎవరిదో చరిత్ర పుస్తకాలు తొందరగా దాటేస్తాయి. వేటాడేది మగవాళ్లు. పచ్చితోలును అమ్మదగిన సరుకుగా మార్చేది ఆడవాళ్లు. తోలును నేల మీద మేకులతో బిగించి, కొమ్ము పిడికి అమర్చిన గీకుడు పనిముట్టుతో లోపలి మాంసపు పొరను గీకి తీయాలి. తర్వాత ఆ జంతువు మెదడు, కొవ్వు కలిపి తోలుకు పట్టేలా రుద్దాలి. ఎండబెట్టి, తడిపి, మెలిపెట్టిన నరాల తాడు మీద ఇటూ అటూ లాగుతూ మెత్తబడే దాకా తోమాలి. ఒక్కో తోలుకు ఎన్నో రోజులు పట్టేది. ఒక మంచి వేటగాడు చంపినన్ని బైసన్లను ఒక్క భార్య చేతులు సిద్ధం చేయలేవు. అందువల్ల ఈ వర్తకం పెరిగే కొద్దీ కలవారి డేరాల్లో భార్యల సంఖ్య కూడా పెరిగింది. కోట అంగట్లోంచి ఆ ఇళ్లకు చేరిన తుపాకులు, తుపాకిమందు, కంబళ్లు, ఇత్తడి గిన్నెలు, పూసలు, సింధూరం, వీటన్నిటికీ వెల కట్టింది ఆ చేతులే. చట్టం ఒప్పుకోకపోయినా సారా కూడా ఆ సరుకుల్లో ఉండేది.

1837లో సెయింట్ పీటర్స్ అనే ఆవిరి పడవ మశూచిని మిస్సోరీ పైకి తెచ్చింది. ఫోర్ట్ మెకెంజీకి సరుకులు తెస్తున్న చిన్న పడవలోకి కూడా రోగం పాకిందని తెలిసి, కోట అధికారి అలెగ్జాండర్ కల్బర్ట్‌సన్ దాన్ని దారిలోనే ఆపాలని చూశాడు. సరుకు కోసం ఎదురుచూస్తున్న బ్లాక్‌ఫుట్ ప్రజలు అది మోసమని అనుమానించి, పడవ రావలసిందేనని పట్టుబట్టారు. పడవ వచ్చింది. తర్వాత కల్బర్ట్‌సన్ వాళ్లను వెతుక్కుంటూ వెళ్లినప్పుడు, శవాలతో నిండిపోయి, కదిలే మనిషి దాదాపుగా లేని శిబిరం ఎదురైంది. ఆ ఒక్క విడతలో బ్లాక్‌ఫుట్ ప్రజల్లో వేలాది మంది పోయారు. పది తరాల జ్ఞాపకం ఒక్క వేసవిలో తుడిచిపెట్టుకుపోయిందని తలచుకున్నప్పుడల్లా నాకు మనసు బరువెక్కుతుంది.

1844లో ఫోర్ట్ మెకెంజీలోని ఇద్దరు అధికారులు, షార్డాన్, హార్వీ, ఒక పాత పగ తీర్చుకోవడానికి, వర్తకానికని వచ్చిన బ్లాక్‌ఫుట్ బృందం మీద కోట ఫిరంగి పేల్చారు. దాంతో వర్తకం ఒక్కసారిగా ఆగిపోయింది. ఆ కోటను వదిలేసి తగలబెట్టక తప్పలేదు. ఏ కోట గోడలైనా తమంతట తాము నిలబడవని, బయట ఉన్నవాళ్ల నమ్మకం మీదే నిలబడతాయని కంపెనీకి తెలిసొచ్చిన రోజది. పరిస్థితిని చక్కదిద్దడానికి కంపెనీ మళ్లీ కల్బర్ట్‌సన్‌నే పంపింది.

అతనే ఎందుకంటే, అతని భార్య నటవిస్టా కైనా తెగ పెద్దింటి ఆడపడుచు. 1840 ప్రాంతంలో వాళ్ల పెళ్లి జరిగింది. ఆమె అన్న ఆ తెగలో పేరున్న నాయకుడు. ఆ బంధుత్వం లేకుండా ఫిరంగి దెబ్బ తిన్న మనుషులు మళ్లీ కోట గుమ్మం తొక్కి ఉండేవారని నేననుకోను. కల్బర్ట్‌సన్ మొదట దక్షిణపు ఒడ్డున ఫోర్ట్ లూయిస్ అనే కోట కట్టాడు. బ్లాక్‌ఫుట్ ప్రజలకు ఆ చోటు నచ్చలేదు. వాళ్ల శిబిరాలు ఉత్తరాన ఉండేవి. మంచు పగిలి ముక్కలుగా కొట్టుకొచ్చే రోజుల్లో తోళ్ల మోపులతో నది దాటడం ప్రమాదం. కోటను మా ఒడ్డుకు మార్చమని అడిగారు. 1847లో కంపెనీ ఆ కోటను దుంగ దుంగగా విప్పి, నది కిందికి కొన్ని మైళ్లు తీసుకొచ్చి, ఉత్తరపు ఒడ్డున మళ్లీ నిలబెట్టింది. ఇప్పటి ఊరు అక్కడ ఉండడానికి కారణం ఇదే. ఈ చోటును ఎంచుకున్నది ఖాతాదారులు.

ఆ తర్వాత కల్బర్ట్‌సన్ చెక్క కోటను పచ్చి ఇటుకలతో తిరిగి కట్టించడం మొదలుపెట్టాడు. నది పక్కన దొరికే బంకమట్టి, గడ్డి కలిపి తొక్కి, ఎండబెట్టిన ఇటుకలవి. చలికి, మంటకు, తూటాకు అవి దుంగల కంటే బాగా తట్టుకుంటాయి. 1850 క్రిస్మస్ నాడు కొత్త భవనంలో విందు చేసుకుని, ఆ కోటకు ఫోర్ట్ బెంటన్ అని పేరు పెట్టారు. ఆ బెంటన్ మిస్సోరీ సెనేటర్ థామస్ హార్ట్ బెంటన్. సారా అమ్మకం కేసుల్లో కంపెనీ చిక్కుకున్నప్పుడు దాన్ని ఆదుకున్నవాడు. చోటు చూపినవాళ్ల పేరు గాని, సంధి కుదిర్చిన ఆవిడ పేరు గాని ఎవరికీ తట్టలేదు.

1855 అక్టోబరులో అమెరికా ప్రభుత్వం బ్లాక్‌ఫుట్, ఇంకా మరికొన్ని తెగలతో జూడిత్ నది ముఖద్వారం వద్ద ఒప్పందం చేసుకుంది. ఆ ఒప్పందం ప్రకారం ఫోర్ట్ బెంటన్ ఉన్న నేల బ్లాక్‌ఫుట్ ప్రజల భూభాగంలోనే ఉంది. ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

ఇక ఊరి సంగతికి వస్తే, నది మీద ఆవిరి పడవలు పోగలిగిన ఆఖరి చోటు ఇదే. ఇంకొంచెం పైకి పోతే గ్రేట్ ఫాల్స్ జలపాతాలు అడ్డం. 1860 జూలై 2న చిప్పెవా, కీ వెస్ట్ అనే రెండు పడవలు తొలిసారిగా కోట ముందు లంగరు వేశాయి. సెయింట్ లూయిస్ నుంచి అక్కడికి నదీమార్గంలో మూడు వేల కిలోమీటర్లకు పైగా దూరం. అదే ఏడాది లెఫ్టినెంట్ జాన్ ములన్ పసిఫిక్ వైపు వాలా వాలా నుంచి 624 మైళ్ల బండిబాట వేసి ఫోర్ట్ బెంటన్‌కు కలిపాడు. రెండేళ్లకు గ్రాస్‌హాపర్ క్రీక్‌లో, 1863లో ఆల్డర్ గల్చ్‌లో, 1864లో లాస్ట్ చాన్స్ గల్చ్‌లో బంగారం బయటపడింది. గనుల దగ్గర వేలమంది చేరారు. వాళ్ల తిండి, బట్ట, పనిముట్లు అన్నీ నది మీదుగానే రావాలి.

ఆ పడవ ప్రయాణం చాలా కష్టమైనది. కొండల మంచు కరిగి నీరు పెరిగే కొద్ది వారాల్లోనే పైకి చేరాలి. ఇసుక మేట మీద పడవ ఆగిపోతే, ముందుభాగంలో ఉన్న రెండు పొడవాటి దుంగలను నేలలో గుచ్చి, తాళ్లు బిగించి, మిడత కాళ్ల మీద లేచినట్టు పడవను ఎత్తి ముందుకు తోసేవారు. పెద్ద పడవ రోజుకు బళ్లకొద్దీ కట్టెను మింగేది. ఆ కట్టె కొట్టి ఒడ్డున పేర్చి అమ్ముకునేవాళ్లు ప్రాణాలకు తెగించే బతికారు. నీట మునిగి కనబడని చెట్టు మాను తగిలితే పడవ పని అంతే. ఫోర్ట్ బెంటన్‌కు బయలుదేరిన బెర్ట్రాండ్ అనే పడవ 1865 ఏప్రిల్ 1న నెబ్రాస్కా దగ్గర అలాగే మాను తగిలి నిమిషాల్లో మునిగింది. 1968లో దాన్ని నేల కింద కనుగొన్నారు, ఎందుకంటే నది ఈలోగా దారి మార్చుకుంది. బురదలో చెడకుండా ఉన్న సరుకు చూస్తే ఆ ఊరి అంగళ్లు కళ్ల ముందు కదులుతాయి: పారలు, గునపాలు, నాగళ్లు, బూట్లు, కొవ్వొత్తులు, ఆవాల ముద్ద సీసాలు, డబ్బాల్లో నిల్వచేసిన ఆల్చిప్పల మాంసం, బ్రాందీలో ఊరిన చెర్రీలు. పూసలు, సింధూరం, కంబళ్ల కోసం తెరిచిన ఒడ్డుకు ఇప్పుడు వస్తున్న సరుకు ఇది. కొనుగోలుదారు మారిపోయాడు.

ఆ 1865లోనే కంపెనీ తన కోటను అమ్మేసుకుంది, పక్కన ఊరి స్థలానికి కొలతలు వేశారు. వర్తక స్థావరం ముగిసి ఊరు మొదలైన గీత అదేనని నా అభిప్రాయం. మరుసటి ఏడాది లుయెల్లా అనే ఒక్క పడవే దాదాపు 12.5 లక్షల డాలర్ల బంగారపు పొడితో కిందికి దిగింది. 1867 వేసవిలో ముప్పైకి పైగా పడవలు ఈ ఒడ్డుకు చేరాయి. ఆ జూలై 1 రాత్రి మాంటానా తాత్కాలిక గవర్నరు థామస్ ఫ్రాన్సిస్ మీగర్ ఇక్కడే పడవ మీద నుంచి నదిలో పడిపోయాడు. శవం దొరకలేదు.

కోట బయట బ్లాక్‌ఫుట్ ప్రజలకు, కొత్తగా వచ్చినవాళ్లకు మధ్య హత్యలు, ప్రతీకారాలు పెరిగాయి. కంపెనీలో ఒకప్పుడు వర్తకం చేసి, పీగన్ స్త్రీని పెళ్లాడిన మాల్కమ్ క్లార్క్‌ను 1869లో కొందరు పీగన్లు చంపారు. దానికి బదులుగా 1870 జనవరి 23 తెల్లవారుజామున మేజర్ యూజీన్ బేకర్ సైన్యం మరియాస్ ఒడ్డున పీగన్ నాయకుడు హెవీ రన్నర్ శిబిరం మీద విరుచుకుపడింది. అది సైన్యం వెతుకుతున్న శిబిరం కాదు. మశూచితో పడి ఉన్న శిబిరం. మంచి నడవడి కలవాడని ప్రభుత్వం రాసిచ్చిన కాగితాన్ని పట్టుకుని బయటికొచ్చిన హెవీ రన్నర్‌ను కాల్చేశారు. చనిపోయిన రెండు వందల మంది దాకా మనుషుల్లో ఎక్కువమంది స్త్రీలు, పిల్లలు, ముసలివాళ్లు. నాలుగేళ్లకు, 1874లో, అమెరికా కాంగ్రెసు బ్లాక్‌ఫుట్ రిజర్వేషన్, అంటే వాళ్లకు కేటాయించిన భూభాగం, దక్షిణపు హద్దును ఉత్తరానికి, మరియాస్ నదికీ బర్చ్ క్రీక్‌కూ జరిపింది. ఒప్పందం ప్రకారం వాళ్ల నేల మీద ఉన్న ఊరు ఒక చట్టంతో వాళ్ల నేల బయటికి వచ్చేసింది.

1869లో యూటా మీదుగా రైలు పూర్తవడంతో గనులకు సరుకు అటునుంచి రావడం మొదలై ఫోర్ట్ బెంటన్ కొంత కుంగింది. అప్పుడు ఊరి వర్తకులు ఉత్తరానికి తిరిగారు. హడ్సన్స్ బే కంపెనీ నుంచి కెనడాకు మారుతున్న ఆ భూమి మీద అప్పటికి ఏ చట్టమూ అడుగుపెట్టలేదు. జాన్ హీలీ, ఆల్ఫ్రెడ్ హామిల్టన్ కెనడాలోని ఇప్పటి లెత్‌బ్రిడ్జ్ దగ్గర ఒక సారా కోట కట్టారు, దానికి హూప్-అప్ అన్న పేరు స్థిరపడింది. 1873 జూన్ 1న ఫోర్ట్ బెంటన్ నుంచి వెళ్లిన తోడేళ్ల వేటగాళ్లు, వాళ్లతో కలిసినవాళ్లు సైప్రస్ కొండల్లో అసినిబోయిన్ అనే మరో ఆదివాసీ తెగ శిబిరం మీద కాల్పులు జరిపి ఇరవై మందికి పైగా చంపారు. ఈ ఘోరం తర్వాత కెనడా పశ్చిమానికి పోలీసు దళాన్ని పంపడం వేగవంతమైంది. 1874లో ఆ దళం తిండి లేక, గుర్రాలు చచ్చి, చివరికి సరుకు కోసం వచ్చింది ఫోర్ట్ బెంటన్‌కే. దారి చూపడానికి జెర్రీ పాట్స్‌ను ఇక్కడే కుదుర్చుకుంది. అతని తల్లి కైనా, తండ్రి స్కాట్లాండ్ వర్తకుడు. మరుసటి ఏడాది ఫోర్ట్ కాల్గరీని కట్టి ఇచ్చింది ఈ ఊరి ఐ.జి. బేకర్ కంపెనీయే. సారా పంపిన ఊరే ఆ సారాను ఆపే పోలీసులకూ సరుకు పంపి లాభం చేసుకుంది. పొరుగు దేశంలో ఒక మహానగరానికి పునాది వేసింది కూడా.

1882 నవంబరులో నది ముందే ఇటుకలతో గ్రాండ్ యూనియన్ హోటల్ తెరిచారు. మరుసటి ఏడాదికే నార్తర్న్ పసిఫిక్ రైలు మాంటానా దాటింది, కెనడియన్ పసిఫిక్ కాల్గరీ చేరింది. నది దక్షిణాన, ఉత్తరాన రెండు వైపులా రైళ్లు వచ్చాక మధ్యలో ఉన్న రేవుతో ఎవరికి పని? అప్పటికే బైసన్ కూడా మైదానాల నుంచి మాయమైంది. 1883-84 చలికాలంలో రిజర్వేషన్ మీది బ్లాక్‌ఫుట్ ప్రజలు వందలకొద్దీ ఆకలితో చనిపోయారు. యాభై ఏళ్ల కిందట ఈ లోయకు అంగడిని పిలిచిన మనుషుల సంతానం వాళ్లు.

నటవిస్టా ఆ కాలానికి ఇక్కడ లేదు. 1858లో భర్తతో ఇల్లినాయ్‌లోని పియోరియాకు వెళ్లి పెద్ద ఇంట్లో ఉంది. వాళ్ల ఆస్తి కరిగిపోయాక ఆమె ఉత్తరానికి, కైనా బంధువుల దగ్గరికి తిరిగిపోయి, 1893లో అక్కడే కన్నుమూసింది.

1888లో ఊరివాళ్లు మిస్సోరీ మీద ఇనుప వంతెన వేశారు. ఆవిరి పడవలు వస్తే దారి ఇవ్వడానికి అందులో ఒక భాగం పక్కకు తిరిగేలా అమర్చారు. సరుకుతో వచ్చిన చివరి పడవ 1890లో వచ్చింది. తిరిగే ఆ భాగం 1908 వరదలో కొట్టుకుపోయింది. ఇప్పుడు ఆ వంతెన మీద బళ్లు పోవు, కాలినడకనే దాటాలి. నేను సాయంత్రం దాని మీదుగా దక్షిణపు ఒడ్డుకు నడిచి వెళ్లి వెనక్కి వచ్చాను. మంచు ముక్కల మధ్య తోళ్ల మోపులతో ఈ నదిని దాటలేమని ఒకప్పుడు కొందరు చెప్పినందుకే ఆ ఊరు అటు ఒడ్డున ఉంది. నాకు దాటడానికి కొన్ని నిమిషాలే పట్టింది.